చుంచుల వంశవృక్షం: జన్యువులు ఒకలా, దవడలు ఇంకోలా చెప్పినప్పుడు

2025 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) ముప్పులో ఉన్న జీవుల పట్టిక అయిన తన రెడ్ లిస్టులో క్రిస్మస్ దీవి చుంచును ‘అంతరించిపోయింది’ అన్న గడిలోకి చేర్చింది. జావాకు దక్షిణాన, హిందూ మహాసముద్రంలో ఉన్న ఆ ఆస్ట్రేలియా దీవిలో అది చివరిసారి కంటబడింది 1985లో. ఆస్ట్రేలియా పరిధిలో సహజంగా బతికిన చుంచు అదొక్కటే. అంటే ఆ దేశం లెక్కలో చుంచులు ఇప్పుడు సున్నా.

ఈ వార్త వెనక ఒక చిక్కుంది. ఈ ప్రాణికి (శాస్త్రీయ నామం క్రోసిడ్యూరా ట్రైక్యూరా) చాలాకాలం సొంత జాతి హోదాయే లేదు. ఆసియా ప్రధాన భూభాగంలో ఉండే ఒక బూడిదరంగు చుంచుకు ఉపజాతిగానే పుస్తకాల్లో నడిచింది. ఆ లెక్కే కొనసాగి ఉంటే, ‘ఒక జాతి అంతరించింది’ అన్న వార్త ‘ఫలానా జాతి ఒక దీవిలో కనుమరుగైంది’గా మారేది. పోయిన జంతువు అదే, పోయిన తీరూ అదే. వర్గీకరణ ఏం చెబితే నష్టం లెక్క అలా మారుతుంది. అందుకే చుంచుల పట్టిక ఎలా తయారైందో, ఎక్కడెక్కడ ఇంకా తేలలేదో చూడటం అవసరం.

చుంచులా కనిపించేవన్నీ చుంచులు కావు

మొదటి గందరగోళం ఎలుకతోనే. చుంచు ఎలుక జాతిది కాదు. నోరు తెరిచి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. ఎలుకకు ముందు ఉలుల్లాంటి కొరుకుడు పళ్ళు, అవి బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. వాటి వెనక పెద్ద ఖాళీ, ఆ తర్వాత నమిలే పళ్ళు. చుంచుకు ఆ ఖాళీ ఉండదు. ముందు పళ్ళు కొక్కెంలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి వెనక చివరిదాకా సూదిమొనల వరుస. ఈ పళ్ళు అరిగితే మళ్ళీ పెరగవు. పాలపళ్ళు తల్లి కడుపులోనే కరిగిపోతాయి కాబట్టి పుట్టాక దానికి దక్కేది ఒకే ఒక్క విడత పళ్ళు. ముసలి చుంచును పోల్చుకునేది కూడా అరిగిపోయిన పళ్ళను బట్టే.

జన్యువుల్లో దూరం ఇంకా ఎక్కువ. ఎలుకలు, కుందేళ్ళు, కోతులు, మనుషులు ఒక పెద్ద శాఖలో ఉంటే, చుంచులు గబ్బిలాలు, కుక్కలు, గుర్రాలు, తిమింగలాలు ఉన్న మరో శాఖలో ఉన్నాయి. వినడానికి వింతగా ఉన్నా, ఎలుకకు చుంచు కన్నా మనిషే దగ్గరి చుట్టం.

రెండో గందరగోళం ఇంగ్లిష్‌లో ‘ష్రూ’ (అంటే చుంచు) అన్న తోక తగిలించుకున్న జంతువులతో. ఆగ్నేయాసియా చెట్ల మీద తిరిగే ‘ట్రీ ష్రూ’ కోతుల శాఖకు దగ్గరిది. ఆఫ్రికాలో పొడవాటి ముక్కుతో గెంతే ‘ఎలిఫెంట్ ష్రూ’ నిజంగానే ఏనుగులకు, సముద్రపు ఆవులకు బంధువు. ఈదే ‘ఓటర్ ష్రూ’ కూడా ఆ ఆఫ్రికా గుంపులోదే. దక్షిణ అమెరికా ‘ష్రూ ఒపోసమ్’ అయితే కంగారూల్లాంటి శిశుకోశ క్షీరదం. పురుగులు తినే చిన్న ఒళ్ళు, పొడవు మూతి అన్న రూపం క్షీరదాల చరిత్రలో వేర్వేరు చోట్ల మళ్ళీ మళ్ళీ తయారైంది. పోలికను బట్టి బంధుత్వం చెప్పబోతే చుంచుల విషయంలో దెబ్బతినడం ఖాయం.

‘కీటకభక్షకులు’ అన్న పాత గంప

19వ శతాబ్దపు శాస్త్రవేత్తలు దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. పురుగులు తినే చిన్న క్షీరదాలన్నిటినీ ‘ఇన్సెక్టివోరా’ అనే ఒకే క్రమంలో (కుటుంబాలను కలిపే పెద్ద వర్గంలో) పడేశారు. ఎక్కడా ఇమడని ప్రతిదానికీ అదే గంప. 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ దీన్ని రెండుగా విడగొట్టాడు. పేగుల్లో అంధనాళం అనే సంచి ఉన్నవి (ట్రీ ష్రూ, ఎలిఫెంట్ ష్రూ) ఒకవైపు, లేనివి (చుంచులు, ‘హెడ్జ్‌హాగ్’ అనే చిన్న ముళ్ళపందులు, నేలలో సొరంగాలు తవ్వే మోల్‌లు, టెన్రెక్‌లు) మరోవైపు. ఈ ముళ్ళపంది ఎలుకల గుంపులోని ఏదుపంది కాదు. కేవలం పొట్ట కోసి చూసి చేసిన విభజన అయినా, ఆ మొదటి గుంపును వేరు చేయడం సరైనదేనని తర్వాత తేలింది.

రెండో గుంపు మాత్రం నిలవలేదు. మడగాస్కర్ టెన్రెక్‌లు, ఆఫ్రికా గోల్డెన్ మోల్‌లు ఏనుగుల శాఖకు చెందినవని 1990ల చివర్లో డీఎన్‌ఏ పరిశోధనలు చూపించాయి. మిగిలినవాటికి ‘యూలిపోటిఫ్లా’ అన్న క్రమం పేరు స్థిరపడింది. ఇందులో ఇప్పుడు బతికున్న కుటుంబాలు నాలుగు: చుంచులు, మోల్‌లు, ముళ్ళపందులు, కరీబియన్ దీవుల్లోని సోలెనోడాన్‌లు.

ఈ నాలుగింటిలో చుంచులకు అందరికన్నా దగ్గరివి ఏవి? ఎముకలు, పళ్ళు చూసేవాళ్ళు మోల్‌లని చెప్పేవారు. 2005 నాటి ప్రామాణిక క్షీరదాల జాబితా కూడా చుంచులను, మోల్‌లను ఒక క్రమంలో పెట్టి ముళ్ళపందులను వేరే క్రమంలో ఉంచింది. జన్యు వృక్షాలేమో ఎక్కువగా చుంచు, ముళ్ళపంది జంటనే చూపిస్తున్నాయి. మోల్‌లు ఆ జంట కన్నా ముందే విడిపోయాయి. సోలెనోడాన్‌లు అందరికన్నా ముందు, 7 కోట్ల ఏళ్ళకు పైబడి, అంటే డైనోసార్లు ఇంకా తిరుగుతుండగానే చీలిపోయాయని ఒక అంచనా. ముళ్ళపందిని, చుంచును పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరూ నమ్మరు. కానీ ఇక్కడ జన్యువుల వైపు మొగ్గడమే సబబు. పొడవు మూతి, నేల తవ్వే ఒళ్ళు లాంటివి అవసరాన్ని బట్టి ఎన్నిసార్లయినా పుట్టగలవని మిగతా ‘ష్రూ’లు చూపించనే చూపించాయి.

ఎర్ర పళ్ళు, తెల్ల పళ్ళు, మధ్యలో ఆఫ్రికా చుంచులు

చుంచుల కుటుంబం పేరు సోరిసిడే. 450 పైచిలుకు జాతులతో క్షీరదాల్లోని అతి పెద్ద కుటుంబాల్లో ఇదొకటి. బతికున్నవాటిని మూడు ఉపకుటుంబాలుగా విడదీస్తారు.

మొదటిది సోరిసినే. వీటి పళ్ళ మొనలు ముదురు ఎరుపులో ఉంటాయి. అది రక్తం మరక కాదు, పన్ను పైనుండే పింగాణీ పొరలోనే (ఎనామెల్) ఇనుము పేరుకుని వచ్చిన రంగు. ఎక్కువ అరిగే మొనల దగ్గరే ఆ రంగు ఉంటుంది కాబట్టి, ఇనుము పన్నును గట్టిపరుస్తుందని చాలామంది అభిప్రాయం. ఈ చుంచులు యూరప్, ఉత్తర ఆసియా, ఉత్తర అమెరికాల్లో ఎక్కువ. కొన్ని దక్షిణ అమెరికా ఉత్తర భాగం దాకా వెళ్ళాయి.

రెండోది క్రోసిడ్యూరినే, తెల్లపళ్ళ చుంచులు. ఆఫ్రికా, దక్షిణ ఆసియా, దక్షిణ యూరప్ వీటి ఇలాకా. ఇళ్ళల్లో తిరిగే ఘాటు వాసన చుంచు (సంకస్ మ్యూరినస్), రెండు గ్రాములైనా తూగని ఎట్రుస్కన్ చుంచు ఈ గుంపువే. రెండు గుంపుల ఒళ్ళు పనిచేసే తీరు కూడా వేరు. ఎర్రపళ్ళవి ఎప్పుడూ వేడెక్కిన ఇంజిన్ మీద పరుగెడుతుంటే, తెల్లపళ్ళవాటిలో చాలా జాతులు తిండి దొరకనప్పుడు ఒంటి వేడి తగ్గించుకుని కాసేపు మొద్దుబారి పడి ఉండగలవు.

మూడోది మయోసోరిసినే. ఆఫ్రికాలో, అదీ ఎక్కువగా కొండ అడవుల్లో, మూడే ప్రజాతులతో (దగ్గరి జాతులను కలిపిన గుంపులతో) మిగిలిన చిన్న శాఖ. చర్చలో మాత్రం దీని వాటా చాలా పెద్దది. శిలాజాల దగ్గర మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఎర్ర పళ్ళు, తెల్ల పళ్ళు అన్న పేర్లు గుర్తుపెట్టుకోవడానికి తేలికే గానీ, వాటినే నిర్వచనంగా తీసుకుంటే తప్పులో కాలేస్తాం. ఆసియా వాగుల్లో ఈదే కైమరోగేల్, టిబెట్ పరిసరాల నెక్టోగేల్, మోల్‌లా నేల తవ్వుకునే అనూరోసోరెక్స్ ‘ఎర్రపళ్ళ’ ఉపకుటుంబంలోనివే, కానీ మూడింటి పళ్ళూ తెల్లన. రంగు పోగొట్టుకోవడం తేలిక. అందుకని తెలుపు ఒక్కదాన్ని చూసి బంధుత్వం కట్టలేం.

ఒక చిన్న పన్ను తెచ్చిన పెద్ద తగవు

పాత పద్ధతిలో ప్రజాతిని ఎలా తేల్చేవారో దగ్గరగా చూద్దాం. చుంచు పై దవడను ఒక పక్క నుంచి చూస్తే ముందు పెద్ద కొక్కెం పన్ను ఉంటుంది. వెనక పెద్ద దంతాలు ఉంటాయి. ఈ రెంటికీ మధ్య ఒక్కో మొనతో బుల్లి పళ్ళ వరుస. ఆ బుల్లి పళ్ళు ఒక పక్కకు అయిదుంటే సోరెక్స్, నాలుగైతే సంకస్, మూడైతే క్రోసిడ్యూరా. మొత్తం పళ్ళు వరసగా 32, 30, 28. సంకస్‌లోని ఆ నాలుగో పన్ను ఎంత చిన్నదంటే, భూతద్దం లేకుండా కనిపించడమే కష్టం. ప్రజాతుల మధ్య సరిహద్దు దాని మీద నిలబడింది.

జన్యువులు చూశాక ఆ సరిహద్దు చెదిరింది. సంకస్ అని పిలుస్తున్నవన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావు. వాటిలో కొన్ని ఆఫ్రికాలోని సిల్విసోరెక్స్ అనే చుంచులకు దగ్గరగా, మరికొన్ని వేరే కొమ్మలకు దగ్గరగా పడుతున్నాయి. మధ్య ఆసియా ఇసుక నేలల్లో ఉండే, వీపు మీద తెల్ల మచ్చతో ప్రత్యేకంగా కనిపించే డిప్లోమెసోడాన్ అయితే క్రోసిడ్యూరా కొమ్మల మధ్యలోంచే మొలిచింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఉన్నా లేనట్టుండే బుల్లి పన్ను వేర్వేరు వంశాల్లో విడివిడిగా రాలిపోగలదు. నాలుగు పళ్ళు ఉండటం పాత లక్షణం, దాన్ని ఇంకా నిలుపుకున్నవాళ్ళంతా ఒక కుటుంబం అయిపోరు.

మరేం చేయాలి? కలిపేద్దామనేవాళ్ళ ప్రకారం పేరు వంశాన్నే చూపాలి కాబట్టి, ఇమడని చిన్న ప్రజాతులను పెద్దదానిలో కలపాలి, లేదా సంకస్‌ను ముక్కలు చేయాలి. ఆగుదామనేవాళ్ళు, పేర్లు మారిస్తే వందేళ్ళ వైద్య, పర్యావరణ రికార్డులన్నీ తికమకపడతాయి కాబట్టి అన్ని జాతుల జన్యువులూ చేతికొచ్చే దాకా పాత పేర్లు ఉంచాలంటారు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. ప్రస్తుతానికి చాలా జాబితాలు రెండోదాన్నే పాటిస్తున్నాయి. జాబితాలో ‘సంకస్’ అని కనిపిస్తే అది సర్దుబాటు కోసం ఉంచిన పేరని అర్థం చేసుకోవాలి.

ఈ తెల్లపళ్ళ గుంపులోని క్రోసిడ్యూరా, సుమారు 200 జాతులతో, క్షీరదాల్లోకెల్లా పెద్ద ప్రజాతి. అది ఇంకా పెరుగుతూనే ఉంది. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో పదేళ్ళపాటు వెయ్యికి పైగా చుంచులను సేకరించి, కొలిచి, డీఎన్‌ఏ చదివి, 2021లో ఒకే పరిశోధనలో 14 కొత్త జాతులను ప్రకటించారు. పేర్లు పెట్టీ పెట్టీ విసిగారో ఏమో, కొన్నిటికి లాటిన్‌లో ‘మామూలుది’, ‘సాధారణమైనది’ అన్న అర్థాలొచ్చే నార్మాలిస్, ఆర్డినేరియా వంటి పేర్లు తగిలించారు. నిజానికి వాటిని ఒకదాని పక్కన ఒకటి పెడితే తేడా పట్టుకోవడం నిపుణులకే కష్టం.

క్రోమోజోములు వేరైతే జాతి వేరైనట్టేనా?

ఇందుకు పూర్తిగా ఎదురు తిరిగే ఉదాహరణ యూరప్ సామాన్య చుంచు, సోరెక్స్ అరేనియస్. జీవులకు రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1758లోనే పేరు పెట్టిన పాత జాతి. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల మాత్రం క్రోమోజోముల సంఖ్య ఊరూరికీ మారుతుంది. మగవాటిలో ఎక్స్ ఒకటి, వై రెండు ఉండటం మరో వింత. బ్రిటన్ నుంచి సైబీరియా దాకా ఇలాంటి 70కి పైగా ‘క్రోమోజోము తెగలు’ గుర్తించి, దొరికిన చోటు పేరుతో పిలుస్తున్నారు.

ఈ తేడా ఎలా పుడుతుందో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్, హెర్మిటేజ్ తెగల్లో చూడొచ్చు. ఈ జాతిలో క్రోమోజోము భుజాలకు (దాని పొడవాటి భాగాలకు) అక్షరాలు పెట్టారు. రెండు భుజాలు అతుక్కుని ఒక క్రోమోజోము కావచ్చు, విడివిడిగానూ ఉండొచ్చు. ఆక్స్‌ఫర్డ్ తెగలో కె, క్యూ కలిసి ఒకటి, ఎన్, ఓ కలిసి మరొకటి. హెర్మిటేజ్ తెగలో కె, ఓ అతుక్కున్నాయి, ఎన్, క్యూ విడిగా ఉన్నాయి. ఇప్పుడు రెండు తెగలకూ పిల్ల పుడితే, దాని కణంలో క్యూ, కె-క్యూ, కె-ఓ, ఎన్-ఓ, ఎన్ అనే అయిదు ముక్కలు ఒకదానితో ఒకటి జత కట్టాలని గొలుసులా పట్టుకుంటాయి. వీర్యకణాలు, అండాలు తయారయ్యేటప్పుడు ఆ గొలుసు సమంగా విడిపోవడం కష్టం, కాబట్టి ఆ పిల్లకు సంతానోత్పత్తి తగ్గే ప్రమాదం ఉంది. తెగలు కలిసే ప్రాంతంలో మాత్రం ఏ భుజమూ అతుక్కోని చుంచులు ఎక్కువ కనిపిస్తాయి. వాటితో కలిస్తే పొడవాటి గొలుసు పడదు, అలా తెగల మధ్య జన్యువుల రాకపోకలు సాగుతాయి.

కలిసి పిల్లల్ని కంటున్నాయి కాబట్టి ఇవన్నీ ఒకే జాతి అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అయినా గీత అన్నిచోట్లా ఒకేలా పడలేదు. అచ్చం ఇలాగే కనిపించే సోరెక్స్ కరోనేటస్ వేరే జాతి అని 1970లలో క్రోమోజోములతోనే ఖాయపరిచారు. ఆల్ప్స్ ప్రాంతపు ‘వాలే’ తెగను 2002లో సోరెక్స్ ఆంటినోరీ అనే జాతిగా పైకి లేపారు. క్రోమోజోముల తేడా ఒక్కటే చాలదు. సరిహద్దు దగ్గర జన్యువుల రాకపోకలు ఎంత తగ్గాయన్నది తూకం వేస్తారు. ఆ తూకంలో ఎంత దగ్గర ఆగాలన్నది మాత్రం శాస్త్రవేత్తను బట్టి మారుతుంది, దాచిపెట్టేదేమీ లేదు.

అంతరించిన చుంచులు: ముక్కలైన దవడలే ఆధారం

ఇక్కడిదాకా బతికున్నవాటి లెక్క. లక్షల ఏళ్ళ కిందటి చుంచు నుంచి మనకు దొరికేది ఎక్కువగా అరచేతిలో గోరంత కూడా లేని దవడ ముక్క, నాలుగు పళ్ళు. అయినా ఆ దవడలో చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. చుంచు కింది దవడ పుర్రెతో కలిసే చోట ఒక కీలు ముఖం కాకుండా, ఒకదాని పైన ఒకటి రెండు ముఖాలుంటాయి. క్షీరదాల్లో ఇది అరుదు. 1967లో అమెరికా శాస్త్రవేత్త చార్ల్స్ రెపెనింగ్ ఈ కీలు ఆకారాన్ని, దవడ లోపలి గుంటను, పళ్ళను చూసి బతికున్న, అంతరించిన చుంచులన్నిటినీ ఉపకుటుంబాలుగా పేర్చాడు. నేటి శిలాజ వర్గీకరణకు పునాది అదే.

పోట్లాట ఎక్కువగా ఉన్నది వంశవృక్షం వేళ్ళ దగ్గర. ఉత్తర అమెరికాలో 4 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి దొరికే డామ్నినా, దాని బంధువులు హెటెరోసోరెక్స్, డైనోసోరెక్స్ లాంటివి చుంచుల్లా కనిపిస్తాయి. కానీ వీటి కీలులో ఆ రెండు ముఖాలు చుంచుల్లోలా పూర్తిగా విడిపోలేదు. రెపెనింగ్ వీటిని చుంచుల్లోనే ఒక ఉపకుటుంబంగా ఉంచాడు. 1987లో డచ్ శాస్త్రవేత్త యెల్లె రోయ్మర్, ఆ జంట కీలే చుంచు గుర్తు కాబట్టి అది పూర్తిగా లేనివి చుంచులు కావంటూ వాటికి హెటెరోసోరిసిడే అన్న వేరే కుటుంబం కట్టాడు. తేడా చిన్నదిగా కనిపించినా, ‘అతి పురాతన చుంచు ఏది’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే తారుమారవుతుంది. ఉపకుటుంబం అంటే చుంచుల చరిత్ర 4 కోట్ల ఏళ్ళకు వెళుతుంది, వేరే కుటుంబం అంటే బాగా తగ్గుతుంది. ఏదైనా వ్యాసంలో ‘తొలి చుంచు’ కనిపిస్తే, రాసినవాళ్ళు రెంటిలో ఏ పక్షమో ముందు చూసుకోవాలి.

రోయ్మర్ అదే పనిలో క్రోసిడోసోరిసినే అనే మరో అంతరించిన ఉపకుటుంబాన్నీ ప్రతిపాదించాడు. నేటి ఎర్రపళ్ళ, తెల్లపళ్ళ గుంపులు రెండూ ఈ పాత గుంపులోంచే వచ్చాయన్నది ఆ ఆలోచన. ఆఫ్రికా మయోసోరిసినే మళ్ళీ తెర మీదికి వచ్చేది ఇక్కడే. మయోసోరెక్స్ కింది దవడలో, మిగతా చుంచులు ఎప్పుడో పోగొట్టుకున్న ఒక పనికిరాని బుల్లి పన్ను ఇంకా మిగిలి ఉంది. దీన్నిబట్టి కొందరు పురాజీవ శాస్త్రవేత్తలు, మయోసోరెక్స్ ‘అంతరించిన’ క్రోసిడోసోరిసినేలో బతికున్న సభ్యుడే అంటారు. బతికున్న జంతువులను చూసేవాళ్ళు దాన్ని ప్రత్యేక ఉపకుటుంబంగానే ఉంచుతున్నారు. పాత లక్షణాన్ని నిలుపుకున్నంత మాత్రాన బంధుత్వం రుజువు కాదన్న సంకస్ కథ ఇక్కడా వర్తిస్తుంది కాబట్టి, రెండో వైఖరి నాకు ఎక్కువ జాగ్రత్తగా అనిపిస్తుంది.

శిలాజాలు ఒక్కోసారి వంశం కన్నా అలవాట్లే ఎక్కువ చెబుతాయి. యూరప్‌లో తిరిగిన బెరెమెండియా, స్పెయిన్‌లోని అటపుయెర్కా గుహల్లో దొరికిన డోలినాసోరెక్స్ పెద్ద సైజు ఎర్రపళ్ళ చుంచులు. వాటి ముందు పళ్ళలో ఉన్న సన్నటి గాడులు విషం ఎక్కించడానికేనని ఒక వాదన. ఇవాళ్టి చుంచుల్లోనూ ఉత్తర అమెరికా బ్లారినా, యూరప్ నీటి చుంచు విషపు లాలాజలంతో వేటాడతాయి కాబట్టి ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. అయితే ఆ గాడిని వంశానికి గుర్తుగా వాడటం కష్టం, అది కూడా విడివిడిగా పుట్టి ఉండొచ్చు.

ఎముకలోంచి డీఎన్‌ఏ దొరికినప్పుడు

జన్యువుల పట్టిక, దవడల పట్టిక నేరుగా కలిసిన సందర్భాలు కొద్దిగానే ఉన్నాయి. మంచి ఉదాహరణ మధ్యధరా సముద్రంలోని మయోర్కా, మెనోర్కా దీవుల చుంచు నేసియోటైటిస్. 1944లో బ్రిటిష్ పురాజీవ శాస్త్రవేత్త డొరోథియా బేట్ దానికి పేరు పెట్టింది. మనుషులు ఆ దీవులకు చేరాక, నాలుగైదు వేల ఏళ్ళ కిందట, అది అంతరించింది. ఎముకలను బట్టి అది యూరప్ అంతటా శిలాజాలుగా దొరికే అసోరిక్యులస్ నుంచి వచ్చిందని అనుకునేవారు, కానీ బతికున్నవాటిలో దాని బంధువు ఎవరో తెలిసేది కాదు. 2018లో ఎముక నుంచి తీసిన డీఎన్‌ఏ చదివితే, అతి దగ్గరి బంధువు హిమాలయాల్లోని సోరిక్యులస్ అనే చుంచు అని తేలింది. ఇద్దరూ విడిపోయింది 60 లక్షల ఏళ్ళకు పైనే. ఆ తర్వాత మధ్యధరా సముద్రం చాలావరకు ఎండిపోయిన కాలంలో ఈ చుంచు పూర్వీకులు నడిచి దీవులు చేరి, నీళ్ళు తిరిగొచ్చాక అక్కడే చిక్కుకుపోయి ఉంటాయి. మధ్యలో యూరప్ నిండా ఉన్న అసోరిక్యులస్ దవడలు లేకపోతే ఈ హిమాలయాల చుట్టరికం నమ్మశక్యంగా ఉండేది కాదు. ఇక్కడ రెండు పట్టికలూ ఒకదాన్నొకటి నిలబెట్టాయి.

కరీబియన్ దీవుల నెసోఫాంటిస్ కథ దీనికి తిరగబడింది. చుంచుల్లా ఉండే ఆ అంతరించిన ప్రాణులు చుంచులకు దగ్గరా, సోలెనోడాన్‌లకు దగ్గరా అన్న చర్చ చాలాకాలం నడిచింది. గుడ్లగూబ కక్కిన ఉండలో మిగిలిన, 700 ఏళ్ళు దాటిన ఎముక నుంచి 2016లో డీఎన్‌ఏ దొరికింది. అది సోలెనోడాన్‌లకే దగ్గర, అదీ 4 కోట్ల ఏళ్ళ కిందటే విడిపోయిన వేరే వంశం.

ఇలాంటి తీర్పు డామ్నినాకు, హెటెరోసోరెక్స్‌కు దొరకదు. వెచ్చటి నేలల్లో కోట్ల ఏళ్ళు డీఎన్‌ఏ నిలవదు కాబట్టి, అవి చుంచులా కావా అన్నది ఆ కీలు ముఖాలు ఒకటిగా ఉన్నాయా, రెండుగా విడిపోయాయా అన్న చూపు మీదే ఆధారపడి ఉంటుంది. పుర్రెతో సహా దవడ దొరికిన కొద్దీ ఆ గీత కాస్త అటో ఇటో జరగవచ్చు.